జైబ్ అంటే జేబు కాదు

మల్సూర్‌కు ఉర్దూ వచ్చని సూర్యాపేటలో అందరికీ తెలుసు. ఎంత వచ్చో మాత్రం మల్సూర్ ఒక్కడికే తెలుసు.

పన్నెండేళ్లు కోర్టులో నకళ్లు రాసి రాసి నేర్చుకున్న ఉర్దూ అది. దావా, జప్తు, హాజరు, గైర్‌హాజరు, తఖ్సీం అంటే ఆస్తి పంపకం, జరబ్ అంటే దెబ్బ. ఇట్లాంటివి ఓ రెండు వందల మాటలు గానుగెద్దులా తిరిగి తిరిగి వచ్చేవి. వాటితోనే ఆయన ఉద్యోగం సాఫీగా నడిచింది. కోర్టు గుమ్మం దాటి బయట ఉర్దూ ఏం చేస్తుందో, ఏ మాటకు ఏ అర్థం తొడుక్కుంటుందో తెలుసుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు.

పోలీసు చర్య అయిపోయి నిజాం సర్కారు పోయాక ఆ అవసరం పడింది. కొత్త సర్కారు స్పెషల్ ఆఫీసరుగా పంపిన జనార్దనరావుగారు బెజవాడ వైపు మనిషి. సూర్యాపేట కచేరీలో దిగి బీరువాలు తెరిపించి చూస్తే నిండా ఉర్దూ కాగితాలే. ఆయనకు ఇంగ్లీషు వచ్చు, తెలుగు వచ్చు, రెండూ వ్యాకరణంతో సహా వచ్చు. ఉర్దూ మాత్రం ఏ వైపు నుంచి చదవాలో కూడా తెలియదు. "ఈ కోడి గీతలు చదివేవాడు ఈ ఊళ్ళో ఎవడైనా ఉన్నాడా?" అని ఆయన అడిగిన రోజున అందరి చూపుడు వేళ్లూ మల్సూర్ వైపు తిరిగాయి. ఆ విధంగా మల్సూర్ తర్జుమా గుమాస్తా అయ్యాడు. తాత్కాలికపు ఉద్యోగమే గానీ కుర్చీ ఉంది, కుర్చీ పక్కన కిటికీ ఉంది, కిటికీలోంచి గాలి వస్తుంది.

ఆయన చేతిలో పడిన ప్రతి కాగితమూ ఏదో ఒక కేసుగా మారిపోయేది. ఒక ముస్లిం పెద్దమనిషి తన కూతురి అఖ్ద్‌కు కచేరీ దొరగారిని పిలుస్తూ చీటీ పంపాడు. అఖ్ద్ అంటే పెళ్లి. కోర్టులో మాత్రం దాని అర్థం ఒప్పందం. "ఇరుపక్షములవారు శుక్రవారం ఉదయం హాజరై ఒప్పందం పూర్తి చేయుదురు" అని మల్సూర్ రాశాడు. గొడవ జరుగుతుందేమోనని జనార్దనరావుగారు ఒక జవానును కాపలా పంపారు. ఆ జవాను సాయంత్రం తిరిగివచ్చి, కడుపు తడుముకుంటూ, ఒప్పందం ప్రశాంతంగా జరిగిందనీ, మాంసం చాలా మెత్తగా ఉడికిందనీ విన్నవించాడు. దొరగారు ఫైలు మూసేశారు. మల్సూర్ ఊపిరి పీల్చుకున్నాడు.

ఇట్లా గడిచిపోతుండగా, నలభై తొమ్మిదో సంవత్సరం జూన్ మొదట్లో, ఒక గురువారం పొద్దున కోదాడ పోలీసు నాకా నుంచి ఒక మనిషినీ, ఒక నోటుబుక్కునీ తీసుకువచ్చారు.

మనిషి పేరు దేవసహాయం. మిర్యాలగూడ బడిలో లెక్కలు చెప్పే పంతులు. ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలతో ఉన్నాడు. కోదాడ దగ్గర రోడ్డు పక్కన నేల మీద బోర్లా పడుకుని, సంక దాకా చెయ్యి ఒక బొరియలో దూర్చి ఉండగా పట్టుకున్నారు. చెయ్యి బయటికి తీయమంటే తీశాడు. చేతిలో తాడు, తాడు చివర మైనం పూసిన గాజుగొట్టం.

"లోపల ఏం దాచినవ్?" అని నాకా జమేదారు గద్దించాడట.

"ఏం దాచలేదండి. వేడి చూస్తున్న."

"ఏం వేడి?"

"పోయిన నెల వేడి."

ఆ జవాబు విన్నాక ఇంకా విచారించవలసిన పని లేదని జమేదారు బస్సెక్కించాడు. సంచీలో దొరికిన నోటుబుక్కు ఎనభై నాలుగు పేజీలు. అంతా ఉర్దూ, మధ్య మధ్యలో పాము మెలికల్లాంటి బొమ్మలు. హైదరాబాదులో ఉర్దూలోనే ఎమ్మెస్సీ లెక్కలు చదివిన మనిషి కాబట్టి ఆయన లెక్కలన్నీ ఉర్దూలోనే రాసుకున్నాడు. అది మల్సూర్‌కు తెలియదు. జనార్దనరావుగారికి అసలే తెలియదు.

"మొదటి పేజీ మధ్యాహ్నానికి కావాలి" అన్నారు దొరగారు.

మల్సూర్ కిటికీ పక్కన కూర్చుని కలం విదిలించాడు. పేజీ మీద కన్ను వేయగానే ప్రాణం కుదుటపడింది. అన్నీ తెలిసిన మాటలే. జమీన్, తఖ్సీం, సిలసిలా, జరబ్. సర్ అంటే తల, జైబ్ అంటే జేబు. ఇంత సులువైన కాగితం ఈ మధ్య రాలేదనుకుంటూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుపోయాడు.

మధ్యాహ్నం దొరగారి ముందు నిలబడి చదివాడు:

"విషయం: భూమి పంపకము, అందువలన పుట్టిన వేడి. ఈ వ్యవహారము ఎడతెగని గొలుసు. ప్రతి జేబు ముందర ఒక తల ఉండును. తలను బయటికి తీయవలెనన్న, రెండు పక్షములకును అదే జేబుతో దెబ్బ వేయవలెను. ఒక హద్దు నుంచి రెండవ హద్దు వరకు అందరినీ జమ చేయవలెను. అప్పుడు తక్కినవారందరును సున్నా అయిపోదురు. మొదటి తల అన్నిటికంటె పెద్దది. దానిని ముందుగా తీయవలెను."

గదిలో పంకా తాడు లాగేవాడు కూడా లాగడం ఆపాడు.

జనార్దనరావుగారు కాగితం తీసుకుని తామే ఇంకోసారి చదువుకున్నారు. ఊళ్లల్లో దొరల భూములు పంచిన దళాల కోసం మిలిటరీ ఇంకా అడవులు గాలిస్తున్న రోజులవి. భూమి పంపకం అనే మాట పైకి అనడానికే జనం అటూ ఇటూ చూసేవారు. అట్లాంటిది కాగితం మీద, తలలతో, జేబులతో, దెబ్బలతో సహా దొరికింది.

"మల్సూరూ, సూర్యాపేటలో ఇప్పుడు అందరికంటే పెద్ద తల ఎవరిదయ్యా?"

"మీదే సార్."

ఆయన మెడ తడుముకున్నారు. ఆ ముఖంలో భయం ఎంత కనిపించిందో, ఆ ఒక్క మాటకు కలిగిన సంతోషమూ అంతే కనిపించింది. నోటుబుక్కు చివరి పేజీల్లో పట్టికలున్నాయి. సూర్యాపేట ఎనభై ఎనిమిది, కోదాడ ఎనభై ఏడు, మిర్యాలగూడ ఎనభై తొమ్మిది. పక్కన తేదీలు.

"మిర్యాలగూడలో ఎనభై తొమ్మిది మంది! అంతకు ముందు వారం ఎనభై ఎనిమిది. చూశావా, వారానికొకణ్ణి చేర్చుకుంటున్నారు." ఆయన లేచి అటూ ఇటూ తిరిగారు. "శనివారం పొద్దున లారీ జిల్లా జైలుకి వెళ్తుంది. వీణ్ణి అందులో ఎక్కించాలి. రేపు సాయంత్రానికి పుస్తకం మొత్తం తర్జుమా కావాలి. తెలియని మాట ఉంటే వీణ్ణే అడుగు. వీడి నోటితోనే చెప్పించు."

రెండో పేజీ మొదటి గీతలోనే మల్సూర్ ఆగిపోయాడు. 'తకమ్ముల్' అని ఉంది. ఆ మాట కోర్టుకు ఎన్నడూ రాలేదు. ముద్దాయిగా రాలేదు, సాక్షిగా కూడా రాలేదు. నోటుబుక్కు పట్టుకుని వరండాలోకి వెళ్లాడు.

కాపలా ఉన్న జవాను బీక్యా అప్పటికే బల్లను ఎండలోంచి నీడలోకి జరిపాడు. దేవసహాయానికి దాహమైతే తన కుండలోంచి నీళ్లు ముంచి చెంబు చేతికిచ్చాడు. పైనుంచి దోసిట్లో పోయలేదు. దేవసహాయం తాగి, చెంబు తిరిగి ఇస్తూ, ఒక క్షణం ఎక్కువసేపు బీక్యా ముఖం చూశాడు.

"మాస్టర్ సాబ్, గీ మాటకు మతలబేంది?" అని మల్సూర్ పక్కన కూర్చున్నాడు.

"చెప్త గని, ముందుగాల మీరు రాసింది ఒక్కసారి చూడొచ్చునా?"

దేవసహాయం కాగితం చదువుతుంటే భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాడు మల్సూర్. కాదు, నవ్వు. కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివి, మళ్ళీ తీశాడు.

"మల్సూర్, నేను రాసిన దానికన్న ఇదే మంచిగున్నది."

"ఏం తప్పు పోయింది సాబ్?"

"మూడు జరబ్ నాలుగు ఎంత?"

"మూడు దెబ్బలు, నాలుగు..."

"పన్నెండు. జరబ్ అంటే హెచ్చవేత. చిన్న బడిల గూడ గదే మాట."

"నేను చిన్న బడిల ఉర్దూ చదవలేదు సాబ్. కోర్టుల జరబ్ అంటే దెబ్బనే. జరబె షదీద్ అంటే బొక్క ఇరిగిన దెబ్బ." మల్సూర్ కాగితం మీద వేలు కిందికి జరిపాడు. "మరి తఖ్సీం?"

"భూమిని పంచుడు కాదు. భూమిల వేడి ఎక్కడెంత పంచుకొని ఉన్నదో, అది."

"సర్?"

"రెండు సేర్ల బియ్యం అంటవు గద. ఆ రెండును లెక్కల సర్ అంటరు. ఎవరి తలా కాదు."

"జైబ్ గూడ జేబు కాదా?" అడుగుతుంటేనే మల్సూర్‌కు జవాబు తెలిసిపోయింది.

"ఆ ఒక్కటి నీ తప్పు కాదు మల్సూర్. దాని కథ పెద్దది." దేవసహాయం బల్ల మీద వేలితో వంపు గీత గీసి దాని కొసలు కలిపాడు. "ఇది విల్లు అనుకో. ఈ తాడును మన పాత పండితులు జ్యా అన్నరు. అరబ్బులు మన లెక్కలు నేర్చుకున్నప్పుడు జీబ అని రాసుకున్నరు. వాళ్ల రాతల అచ్చులు వదిలేస్తరు. తర్వాత వచ్చినోళ్లు అదే రాతను జైబ్ అని చదివిండ్రు. జైబ్ అంటే అంగీ రొమ్ము కాడ మడత. ఇంగ ఐరోపా పండితులు వచ్చిండ్రు. వాళ్ల భాషల మడతకు ఏ మాట ఉన్నదో అది పెట్టిండ్రు. ఇయ్యాల్టికి దునియా మొత్తం ఆ తప్పు మాటనే అంటున్నది. ఎనిమిది వందల ఏండ్ల కింద మహా మహా పండితులు పడ్డ గుంతలనే నువ్వు పడ్డవ్. సిగ్గుపడే పని లేదు."

జైలుకు పోబోయే మనిషి తనను ఓదారుస్తున్నాడని మల్సూర్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఇంతకు గీ బుక్కుల ఉన్నదేంది సాబ్?"

"కోదాడ బస్సుల పోయినవా?"

"నడుము ఇరిగేటట్టు పోయిన."

"బస్సు ఎత్తు ఎక్కి దిగుతది. అది ఒక ఊపు, నిదానంగ వస్తది. గుంతలు వస్తే దబ్బదబ్బ ఎగిరేస్తది. అది ఇంకో ఊపు. ఇంజను వణుకు సన్నగ, తొందరతొందరగ ఉంటది. నీ నడుముకు మూడు కలిసి ఒక్క కుదుపే తెలుస్తది. ఎంత అడ్డదిడ్డమైన కుదుపైన సరే, ఇసొంటి నున్నటి ఊపులుగ విడగొట్టొచ్చని ఫ్రాన్సు దేశంల ఒకాయన చెప్పిండు. ఫూరియే అని. ఒకటి నిదానంది, ఒకటి దానికి రెండింతల జోరుది, ఒకటి మూడింతలది, గట్ల అంతు లేకుంట. వాటిని వరసగ రాస్తే అదే సిలసిలా. ఒక్కొక్క ఊపు ఎంతో తేల్చేటందుకు ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాక మొత్తం కలుపుడే నువ్వడిగిన తకమ్ముల్."

"భూమికి ఎందుకు సాబ్ ఊపులు?"

"ఎండ భూమిలకు గట్లనే ఊపులు ఊపులుగ దిగుతది. పగలు వచ్చి రాత్రికి పోయే వేడి జోరుది. మూరెడు లోతు దిగేసరికే సచ్చిపోతది. ఏడాదికొక్కపారి వచ్చే వేడి నిదానంది. అది బాయి లోతు దాక పోతది. నాలుగడుగుల కింద ఎండకాలం ఒక నెల ఆలస్యంగ వస్తది. అందుకే నాకా కాడ పోయిన నెల వేడి అన్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు తావుల థర్మామీటరు గొట్టాలు దించి, ప్రతి ఆదివారం ప్రార్థన కాంగనె సైకిలు మీద పోయి చూసుకుంట. బడికి సెలవులు గాబట్టి ఈ వారం నిన్ననే పోయిన. ఎనభై తొమ్మిది మంది లేరు, ఎనభై తొమ్మిది డిగ్రీల వేడి ఉన్నది."

జోరుగా వచ్చేవి పైనే చచ్చిపోతాయని విన్నప్పుడు మల్సూర్‌కు, దొరగారు రోజుకు తొమ్మిది చొప్పున జారీ చేసే ఉత్తర్వులు గుర్తొచ్చాయి. వాటిలో ఏదీ ఈ వరండా దాటి పోయినట్టు ఆయన చూడలేదు. శనివారం లారీ మాత్రం దాటుతుంది. అది తన చేతిరాత మీదే నడుస్తుంది.

"మీ ఇంట్ల ఎవరున్నరు సాబ్?"

"శాంతమ్మ ఉన్నది, నా భార్య. ఎవరన్న మిర్యాలగూడ పోయేటోళ్లు ఉంటే జర కబురు చెప్పు. రేపటి సంది నా కోసం బియ్యం పోయొద్దని."

పొద్దుగూకే వేళకు మల్సూర్ ఇల్లు చేరి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. పెళ్లాం పెంటమ్మ చూసీ చూసీ గంటె పక్కన పెట్టింది.

"ఏందట్ల? కూర మంచిగ లేదా, నౌకరి మంచిగ లేదా?"

మల్సూర్ జరిగింది చెప్పాడు. పెంటమ్మ మొత్తం విన్నది. తలల దగ్గర మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఓయమ్మో! లెక్కల పంతులును తలలు కోసేటోన్ని చేసినవా! నీకు సమజ్ కాకుంటే కాలేదని రాయొచ్చు గద."

"కాలేదని రాస్తే దొర నన్నెందుకు ఉంచుకుంటడు? కుర్చీ పోతది."

"కుర్చీ రాకముందు నువ్వు కింద కూసోలేదా? కోర్టు ముంగట చెట్టు కింద అర్జీలు రాసినవ్. మనం తినలేదా?"

"ఇది తాత్కాలికం పెంటా. పర్మనెంటు చేస్తమన్నరు."

"పర్మనెంటు గాని, పంతులు జైల్ల కూసుంటే నువ్వు కుర్చీల కూసుంటవ్. కూసో. మంచిగ గాలి వస్తది గద కిటికీల నుంచి."

ఆ మాటతో గంటె తీసుకుని ఇంకో ముద్ద కూర వేసింది. తిట్టిన రోజున ఎక్కువ వడ్డించడం పెంటమ్మకు అలవాటు. మల్సూర్ తిన్నాడు.

శుక్రవారం పొద్దున మల్సూర్ కచేరీకి ముందే వచ్చి వరండాలో దేవసహాయం పక్కన కూర్చుని కాగితమంతా దిద్దాడు. దెబ్బ కొట్టేసి హెచ్చవేత అని రాశాడు. తల కొట్టేసి ఎంత అని రాశాడు. జేబు దగ్గర ఆగాడు.

"దీన్ని తెలుగుల ఏమంటరు సాబ్?"

"నేను తెలుగుల లెక్కలు చదవలేదు మల్సూర్. దొరకు ఇంగ్లీషు వస్తది గద, ఇంగ్లీషులనే రాయి." దేవసహాయం ఒక చీటీ మీద మూడు అక్షరాలు పెద్దగా రాసిచ్చాడు: ఎస్, ఐ, ఎన్. "సైన్ అంటరు. దీనికి జోడు ఇంకొకటి ఉన్నది, సి, ఓ, ఎస్. రెండు జంటగ వస్తయి."

ఇంగ్లీషు రాని మల్సూర్ బొమ్మ గీసినట్టు ఆ అక్షరాలు గీశాడు. తర్వాత దొరగారి గదిలోకి పోయి, చేతులు కట్టుకుని, పన్నెండేళ్లలో ఎవరి ముందూ అనని మాట అన్నాడు.

"సార్, నాకు రాదు సార్. నేను రాసింది తప్పు."

జనార్దనరావుగారు తల ఎత్తారు. "ఏది తప్పు?"

"జేబు కాదు సార్. ఇంగ్లీషుల దాన్ని గిదంటరట." కాగితం ముందు పెట్టాడు.

ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు. చదువుతున్నకొద్దీ కనుబొమలు పైకి పోయాయి. ఇంగ్లీషులో ఆయన బి.ఏ. చరిత్రా, న్యాయశాస్త్రమూ చదివారు. లెక్కలంటే పడక స్కూలు ఫైనలుతోనే వాటికి నమస్కారం పెట్టిన మనిషి.

"ఎస్, ఐ, ఎన్. సిన్! అంటే పాపం కదటయ్యా!"

"సైన్ అంటరట సార్..."

"నీకు ఇంగ్లీషు వచ్చా?"

"రాదు సార్."

"మరి నోర్ముయ్." వేలు గీత మీద నడిచింది. "మొదటి పాపం, రెండింతల పాపం, మూడింతల పాపం. అంతులేని గొలుసు. ఇదేమిటి, సి, ఓ, ఎస్? కాజ్ అని రాయబోయి పొట్టిగా రాశాడు. కారణం! పాపం, దాని కారణం. పాపం, దాని కారణం. జంటగా పెట్టుకుంటూ పోయాడు." ఆయన గొంతు తగ్గింది. "మల్సూరూ, ఇతను కిరస్తానీయా?"

"అవును సార్."

"భూమి కింద వేడి! లోతుకు పోయినకొద్దీ పాపాల వేడి! ఒరేయ్, ఇది నరకమయ్యా!" ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. నిన్నటి నుంచి మెడ దగ్గర బిగుసుకున్నదేదో వదిలినట్టయింది. "పిలువు అతన్ని."

దేవసహాయాన్ని లోపలికి తెచ్చారు. మల్సూర్ గుమ్మంలోనే చెవిలో "సాబ్, జర ఊకోండ్రి, ఆయననే మాట్లాడనియ్యండ్రి" అని బతిమాలాడు. దేవసహాయం ఊరుకునే మనిషి కాదు.

"అండీ, అది గణితం. ఆ అక్షరాలు..."

"గణితంలో పాపం ఎందుకుంటుందయ్యా, దాచకు. మీ మతంలో పాపాలు ఒప్పుకోవడం ఉందని నాకు తెలుసు. అడిగిన దానికి చెప్పు. నువ్వు పాపివా, కాదా?"

దేవసహాయం మల్సూర్ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పడం ఆయన పద్ధతి కాదు. ప్రతి ఆదివారం ఆ ప్రశ్నకు చర్చిలో నలుగురి ముందూ జవాబు చెప్పే మనిషే.

"అవునండి. పాపినే."

"ఎన్ని?"

"లెక్కలేనన్ని అండి."

జనార్దనరావుగారు పంకా తాడు లాగేవాణ్ణి బయటికి పొమ్మని సైగ చేశారు. మల్సూర్‌ను మాత్రం మరిచిపోయారు. గుమాస్తాలు అట్లా మరుపుకు వస్తుంటారు.

"ఇక్కడ ఒకటి రాశావు, మేష్టారూ. ఏ ఒక్క పాపం ఎంతో విడిగా తేల్చాలంటే దానితోనే హెచ్చవేసి, ఈ హద్దు నుంచి ఆ హద్దు దాకా మొత్తం కలపాలని. అప్పుడు తక్కినవన్నీ సున్నా అయిపోతాయని. నిజమేనా?"

దేవసహాయం ముఖం వెలిగింది. ఈ సంగతి గురించి ఇంత శ్రద్ధగా అడిగినవారు మిర్యాలగూడ బడిలో ఒక్కరూ లేరు.

"నిజమండి. కొన్ని రోజులే చూస్తే అన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి, ఏది ఎంతో తెలియదు. ఏడాది మొత్తం తీసుకోవాలి. అప్పుడు తక్కినవి కొంత ఇటు, కొంత అటు లాగి, వాటంతట అవే కొట్టేసుకుపోతాయి. వెతికేది ఒక్కటే నిలుస్తుంది."

"వాటంతట అవే పోతాయా?"

"పోతాయండి. మనం తీసెయ్యక్కర్లేదు."

దొరగారు కిటికీ అవతలికి చూస్తూ ఉండిపోయారు. ఆయన ఏ సంవత్సరాన్ని మొత్తం కలిపి చూసుకుంటున్నారో మల్సూర్‌కు తెలియదు. ఎవరికైనా ఒకటుంటుంది. ఆ కాసేపు మాత్రం ఆయన స్పెషల్ ఆఫీసరులా కనిపించలేదు, దవాఖానలో తన పేరు పిలిచేదాకా కూర్చున్న మనిషిలా కనిపించారు.

"మత విషయాల్లో సర్కారు జోక్యం చేసుకోదు" అన్నారు చివరికి, గొంతు సవరించుకుని. "మల్సూరూ, విడుదల ఉత్తర్వు రాసుకురా. కారణం రాయి: దొరికినది పాపాలకు సంబంధించిన మత గ్రంథం. పుస్తకం అతనికిచ్చెయ్."

వరండాలోకి రాగానే దేవసహాయం మల్సూర్ చెయ్యి పట్టుకున్నాడు.

"మత గ్రంథం అని రాయకు. సర్కారు కాగితం మీద గట్ల పడితే బడి పెద్దలు రేపు నాకు లెక్కలు ఇయ్యరు. నీతి పాఠాలు చెప్పుకొమ్మంటరు. అది జైలే."

"సాబ్, బయటపడుతున్నరు గదా!"

"దేనికి బయటపడాలె మరి?"

మల్సూర్ కిటికీ పక్కన కూర్చుని కాగితం ముందు పెట్టుకున్నాడు. దొర చెప్పింది రాస్తే పంతులు లెక్కలు పోతాయి. పంతులు చెప్పింది రాస్తే, దొర చదివితే, పంతులు లారీ ఎక్కుతాడు, తాను కుర్చీ దిగుతాడు. ఎనభై నాలుగు పేజీల్లో తనకు నిజంగా అర్థమైనది ఎంత అని ఆలోచించాడు. బస్సు కుదుపు కొంచెం, నాలుగడుగుల లోతులో ఆలస్యంగా వచ్చే ఎండకాలం కొంచెం. అంతకు మించి ఒక్కటే రూఢిగా తెలుసు. ఆ ఒక్కటే రాశాడు: "ఇతని వద్ద దొరికినది లెక్కల పుస్తకము. కనుక వదలిపెట్టడమైనది."

కాగితం పట్టుకుని లోపలికి పోయి దొరగారి ముందు పెట్టాడు. సంతకం పెట్టే ముందు చదవడం జనార్దనరావుగారికి అలవాటు లేదు. ఆ రోజు చదివారు. పైకే చదివారు.

"ఇతని వద్ద దొరికినది లెక్కల పుస్తకము..."

మల్సూర్ నేల వైపు చూశాడు.

"భేష్!" అన్నారు దొరగారు. "పాపాల లెక్క! మత గ్రంథమంటే ఎవరికైనా తేలిగ్గా ఉంటుంది. లెక్క అంటేనే దాని బరువు తెలుస్తుంది. ఉర్దూ మాటేమో గానీ మల్సూరూ, నీ తెలుగు బాగుందయ్యా." సంతకం పెట్టి, ముద్ర వేసి, ఇచ్చేశారు.

సాయంత్రం మిర్యాలగూడ బస్సు కోసం ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు. మల్సూర్ పంపిన కబురు పొద్దున మొదటి బస్సులోనే వెళ్లిపోయింది.

"శాంతమ్మకు ఇయ్యాల్టి సంది మీ కోసం బియ్యం పోయొద్దని చెప్పి పంపిన సాబ్. ఇప్పుడెట్ల?"

"ఈ ఒక్కపూట జావ తాగుత. ఏం పోయింది?"

బస్సు వచ్చింది. దేవసహాయం నోటుబుక్కు చంకన పెట్టుకుని ఎక్కబోతుంటే మల్సూర్ మెట్టు దగ్గరికి వచ్చాడు.

"మాస్టర్ సాబ్, ఎల్లుండి ఆదివారం కోదాడ కాడికి నేను గూడ వస్త."

"నీకెందుకు మల్సూర్, ఎండల?"

"మీరొక్కరు గుంతల చెయ్యి పెట్టి పండుకుంటే మళ్ళ పట్కపోతరు. పక్కన సర్కారు మనిషి ఒకడు నిలబడి కాగితం మీద ఏదో రాస్తుంటే ఎవడూ ఏమనడు. ఏం రాస్తున్నడో గూడ అడగడు."

"నిలబడుడేంది? గొట్టం నువ్వే తీద్దువు, అంకె నువ్వే చదువుదువు."

"తప్పు చదివితే?"

"తప్పు చదివితే మళ్ళ చదువుదువు" అన్నాడు దేవసహాయం. బస్సు కదిలింది.